వల దారంతో కుట్టిన చొక్కా

శ్రీకాకుళంలో పాతబట్టల కొట్టు మెట్లెక్కే ముందు బుల్లమ్మ వీధి కుళాయి దగ్గర ఆగేది. చేపల తట్ట కడిగి గోడవారగా బోర్లించి, మోచేతుల దాకా నిమ్మచెక్క రుద్దుకునేది. అలా చెయ్యమని ఆమెకెవరూ చెప్పలేదు. మొదటిసారి ఆ కొట్టులోకి వెళ్ళినప్పుడు, లోపల చీరలు చూసుకుంటున్న ఒకావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు బుల్లమ్మకు ఇంకా గుర్తే.

ఆమెది గార దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. తెల్లారకముందే తీరానికి వెళ్ళి వేలంపాటలో చేపలు కొనుక్కుని, మొదటి ఆటోలో పట్నం చేరి, ఎండ నెత్తికెక్కే లోపల వీధులన్నీ తిరిగి అమ్మేది. మొగుడు గంగులు మిగతా మగవాళ్ళలాగే ఏటా గుజరాతు వెళ్ళి బోట్ల మీద పని చేసేవాడు. ఒక్కగానొక్క కూతురు హేమ ఇంటర్ చదువుతోంది. చేపల మీద వచ్చేది తిండికీ చదువుకీ సరి. బట్టల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఖాళీ. ఆ ఖాళీని ఇన్నేళ్ళుగా పూడ్చింది ఆ కొట్టే.

రిటైరైన టీచర్లు కొంతమంది కలిసి ఒక పాత ఇంటి ముందు గదుల్లో దాన్ని నడుపుతున్నారు. ఉన్నవాళ్ళు తెచ్చి ఇచ్చిన బట్టలు ఉతికించి, ఇస్త్రీ చేయించి, పదికీ ఇరవైకీ అమ్ముతారు. రోజూ కొట్టులో కూర్చునేది అనూరాధ టీచరు. ఊరికే ఇస్తే తీసుకునేవాళ్ళు తల దించుకుంటారనీ, కొనుక్కుంటే తలెత్తి బేరమాడతారనీ ఆవిడ నమ్మకం. బుల్లమ్మ ఆ నమ్మకాన్ని ఎన్నడూ వమ్ము చెయ్యలేదు. పది రూపాయల లంగా దగ్గర కూడా గట్టిగానే బేరమాడేది.

కొనడమే కాదు, ఇచ్చేది కూడా. హేమకు పొట్టయిన గౌన్లూ చుడిదార్లూ కుంకుడు రసంలో నానబెట్టి, ఉతికి, నీచువాసన పూర్తిగా పోయేదాకా ఎండలో ఆరేసి, మడతపెట్టి తెచ్చేది. తీసుకున్న చోట ఇవ్వకపోతే ఆమెకు నిద్ర పట్టేది కాదు.

ఆ కొట్టుకు ఒక కట్టుబాటు ఉంది. బట్ట ఎవరిచ్చారో కొన్నవాళ్ళకు చెప్పరు, ఎవరు కొన్నారో ఇచ్చినవాళ్ళకు చెప్పరు. ఒకసారి హేమ కొత్తగా కొన్న చుడిదారు వేసుకోనని మొండికేసింది. అది ఇచ్చిన అమ్మాయి తన క్లాసులోనే ఉంటే ఎలా అని హేమ భయం. బుల్లమ్మ వచ్చి అడిగితే అనూరాధ, "చెప్పను బుల్లమ్మా. మీ అమ్మాయి పేరు కూడా ఎవరికీ చెప్పను" అంది. ఆ మాట విన్నాకే హేమ ఆ చుడిదారు వేసుకుంది.

ఆ ఏడు వినాయక చవితి వెళ్ళాక గంగులు గుజరాతు బయల్దేరాడు. మొదట్లో వారానికోసారి ఫోను చేసేవాడు. దీపావళి దాటాక ఫోను ఆగిపోయింది. ఇటు నుంచి చేస్తే స్విచ్చాఫ్. జట్టులో వెళ్ళిన సోములుకి చేస్తే, "వేరే బోటెక్కినాడప్పా, నడిసంద్రంలో ఉన్నాడు. అక్కడ సిగ్నలుండదు" అన్నాడు. రెండోసారి చేసినా అదే మాట. మూడోసారి సోములు గొంతు తడబడినట్టు అనిపించింది. ఆ తర్వాత అతనూ ఎత్తడం మానేశాడు. పల్లెలో ఆడవాళ్ళు ఆమెను చూసి మాటలు ఆపేయడం మొదలుపెట్టారు. బుల్లమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని.

మాఘమాసంలో ఒకరోజు హేమకు కాలేజీలో ప్రాక్టికల్సుకని తెల్లకోటు కావలసి వచ్చింది. పొడుగు చేతుల తెల్లచొక్కా దొరికితే దర్జీ చేత సరిచేయించవచ్చని బుల్లమ్మ మగవాళ్ళ చొక్కాల గుట్ట ముందు కూర్చుంది. ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతోంది. తెల్లది కనబడలేదు. గోధుమరంగు గళ్ళ చొక్కా ఒకటి చేతికి వచ్చింది. పక్కన పెట్టబోయి ఆగింది.

కుడి చంక కింద కుట్టు. ఆకుపచ్చ నైలాను దారం. వల దారం.

గంగులు బయల్దేరే రోజు చంక చిరిగింది. ఇంట్లో దారం లేకపోతే, వలకు వాడే నైలాను దారంతో, వల ముడే వేసి కుట్టింది. ముడి జారకుండా కొసలు అగ్గిపుల్లతో కాల్చింది. "సేప తప్పించుకోకుండా కుట్టినావేటి?" అని అతను నవ్వాడు. ఆమదాలవలసలో రైలెక్కినప్పుడు అతని ఒంటి మీద ఉన్నది ఈ చొక్కానే.

కాల్చిన కొసలు వేలికి గరుగ్గా తగిలాయి. బుల్లమ్మ చొక్కాను ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.

బతికున్న మనిషి ఒంటి మీది చొక్కా ఇక్కడికెలా వస్తుంది? కిందటేడు పక్కింటామెకు ఆసుపత్రి వాళ్ళు ఆమె మొగుడి బట్టలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇవ్వడం బుల్లమ్మ కళ్ళతో చూసింది. గుట్ట పట్టుకుని లేచి, అనూరాధ బల్ల మీద చొక్కా పరిచింది.

"టీచరమ్మా, ఇది ఎవులిచ్చినారు?"

అనూరాధ ఆమె ముఖం చూసి కుర్చీలోంచి లేచింది. "ఏమైంది బుల్లమ్మా?"

"ఎవులిచ్చినారో సెప్పండి."

"అలా చెప్పకూడదమ్మా. నీకు తెలుసు కదా."

"నాకు తెలుసు. మనిషి పేరు నాకొద్దు. ఇది మా మావ సొక్కా. నా సేత్తో కుట్టినాను. ఆడు ఉన్నాడో నేడో, అదొక్కటీ అడిగి సెప్పండి."

అనూరాధ చొక్కా తిప్పి చూసింది. ఆవిడకు ఆ మూట గుర్తుంది. పొందూరు అవతల రైసుమిల్లు వాళ్ళ కోడలు కుమారి, పట్నం వచ్చినప్పుడల్లా ఒక మూట తెచ్చి ఇస్తుంది. అనూరాధ ఫోను తీసింది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ ఎత్తలేదు. బుల్లమ్మ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఇంతలో ఎవరో బట్టలు కొనడానికి వస్తే, "తర్వాత రండమ్మా" అని అనూరాధ తిప్పి పంపేసింది.

మూడోసారి చేస్తే కుమారి ఎత్తింది. అనూరాధ అడిగింది. అవతల మాట విన్న కొద్దీ ఆవిడ నొసలు ముడిపడింది.

"అది పొందూరు అవతల కుమారి వాళ్ళ రైసుమిల్లు కాపలా మనిషి చొక్కానట" అంది ఫోను పెట్టేసి. "పేరు ధనరాజట. పాతపట్నం అవతల ఊరట. పుష్యమాసంలో పనికి చేరాడట. ఒంటి మీద చిరిగిన చొక్కా ఉంటే, వాళ్ళాయన చొక్కాలిచ్చి, ఇది ఉతికించి మూటలో వేసిందట."

ధనరాజు. ఆ పేరు బుల్లమ్మ ఎన్నడూ వినలేదు. గంగులు చొక్కా వాడి చేతికి ఎలా వచ్చింది? కొనుక్కున్నాడా? దొంగిలించాడా? ఒడ్డుకు కొట్టుకొచ్చిన మనిషి ఒంటి మీంచి తీశాడా?

"నానెల్తన్నాను" అంది.

"ఒక్కదానివే ఎక్కడికి? ఉండు." అనూరాధ కొట్టుకు తాళం వేసింది.

పొందూరు బస్సులో బుల్లమ్మ కిటికీ పక్కన కూర్చుంది. చొక్కా ఒళ్ళో ఉంది. పొలాల్లో మినుపచేలు ఎండుముఖం పట్టాయి. ఆమెకు ఏదీ కనబడలేదు. ఆ ధనరాజును మొదట ఏం అడగాలో లోపల్లోపల అనుకుంటోంది. పట్టుకుని కొట్టాలా, కాళ్ళ మీద పడాలా తెలియలేదు. పక్కన అనూరాధ ఒకసారి నీళ్ళసీసా అందించింది. బుల్లమ్మ తీసుకుంది గాని తాగలేదు.

పొందూరులో దిగి ఆటో ఎక్కారు. మిల్లు ఊరి బయట ఉంది. ఊక పొడి గాలిలో తేలుతోంది. గేటు దగ్గరే కుమారి ఎదురొచ్చింది. మనిషి కంగారుగా ఉంది.

"ఏటండీ టీచరుగారూ, ఏదేనా గొడవేటి? మా ఆయన కూడా ఊళ్ళో నేడు."

"గొడవ కాదమ్మా. ఆ మనిషిని ఒకసారి పిలువు."

"ధనరాజూ!" కుమారి ఊకగుట్ట వైపు తిరిగి కేకేసింది. జవాబు లేదు. "ధనరాజూ! నీ కోసం ఎవలో వచ్చినారు."

గుట్ట వెనక నుంచి ఒక మనిషి వచ్చాడు. తెల్లచొక్కా. తలకు ఊక పొడి. కుడిచేతికి తువ్వాలు చుట్టుకున్నాడు. గేటు వైపు రెండు అడుగులు వేసి, అక్కడున్నది ఎవరో చూసి, గిరుక్కున వెనక్కి తిరిగాడు.

గడ్డం పెరిగింది, మనిషి సగమయ్యాడు. కానీ ఊగే బోటు మీద నిలబడి నిలబడి కాళ్ళు ఎడంగా వేసే ఆ నడక బుల్లమ్మకు పెళ్ళయిన నాటి నుంచి తెలుసు.

"మావా!"

అతను ఆగాడు. ఇటు తిరగలేదు.

బుల్లమ్మ పరిగెత్తింది. వెనక నుంచి చొక్కాతో అతని వీపు మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. "ధనరాజా? నువ్వు ధనరాజువేటి? నువ్వు సచ్చిపోయినావనుకుని బస్సులో కూకున్నాన్రా! బొట్టు తుడుసుకోవాలో వద్దో తెలీక కూకున్నాను! ఆ గుంట హేమకి ఏటి సెప్పాలో తెలీక..."

గంగులు దెబ్బలు కాచుకోలేదు. ఇటు తిరిగేసరికి తువ్వాలు జారింది. బుల్లమ్మ ఎత్తిన చెయ్యి అక్కడే ఆగింది. అతని కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలే మిగిలాయి. మధ్యలో ఎర్రగా, నున్నగా మానిన చర్మం.

"వల లాగే వించి తాడులో సెయ్యి పడ్డాది" అన్నాడు మెల్లగా. "లాగుతుంటే సుట్టేసింది. అక్కడే ఆసుపత్రిలో ఏసినారు."

"సోములు వేరే బోటన్నాడు."

"నానే అలగ సెప్పమన్నాను."

"ఎందుకు?"

"ఈ సేత్తో వల లాగలేను. తాడు పట్టలేను. నీకు బరువవుదునా?"

"నీ సేతిని పెళ్ళాడినానేటి నాను?"

గంగులు తల వంచుకున్నాడు. "వద్దామనే రైలెక్కినాను. ఆమదాలవలసలో దిగినాను. మనూరెల్లే ఆటో కాడ మనోలు ఇద్దరు కనబడినారు. సెయ్యి ఎనక్కి దాసుకుని పక్కకి తప్పుకున్నాను. మరి ఇంటికేసి తిరగలేకపోయినాను. ఏదో పని పట్టుకుని, సేతిలో ఏదేనా పడ్డాక వద్దామనుకున్నాను. ఇయాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి..."

కుమారి ఏడుస్తోంది. "ఇంత దగ్గిర మనిషని మాకు తెలీదమ్మా. కుడిసెయ్యి వాడలేకపోయినా నిజాయితీగా ఉంటాడని పెట్టుకున్నాం. ఒక్కనాడూ ఇంటి ఊసెత్తనేదు."

"మీ తప్పేటుందమ్మా" అంది బుల్లమ్మ. "ఒంటికి బట్ట ఇచ్చినారు." గంగులు వైపు తిరిగింది. "పద. బస్సెల్లిపోతాది."

"ఇప్పుడెలగ? పని ఒగ్గేసి ఉన్నపాటున ఎలగొస్తాను? రేపొస్తాను."

బుల్లమ్మ వెళ్ళి మిల్లు గేటుకు అడ్డంగా నేల మీద కూర్చుంది. ధాన్యం బస్తాల ట్రాక్టరు ఒకటి వచ్చి హారన్ కొట్టింది. ఆమె కదల్లేదు. డ్రైవరు కిందికి దిగి అరిచాడు. అప్పుడూ కదల్లేదు. వెనక ఇంకో ట్రాక్టరు వచ్చి ఆగింది. అనూరాధ ఒకసారి "బుల్లమ్మా" అని పిలిచి, ఇక పిలవలేదు.

"లెగవే" అన్నాడు గంగులు దగ్గరికొచ్చి. "అందరూ సూస్తన్నారు."

"సూడనీ. నువ్వు కదిల్తేనే నాను కదుల్తాను. నువ్వు రేపంటే రేపటిదాకా ఇక్కడే ఉంటాను."

అతను ఆమె వైపు చూశాడు. ట్రాక్టర్ల వైపు చూశాడు. తర్వాత లోపలికి వెళ్ళాడు. బుల్లమ్మ వెనక దారి ఉందేమో, అటు వెళ్ళిపోతాడేమో అని గేటు ఊచల్లోంచి తొంగిచూస్తూనే ఉంది. చాలాసేపటికి అతను చేతిసంచి ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు. అప్పుడు లేచి ట్రాక్టర్లకు దారి ఇచ్చింది.

ఆటో ఎక్కబోతూ అనూరాధ కుమారి చెయ్యి పట్టుకుంది. "నీ పేరు చెప్పకూడదు. కానీ చెప్పేశాను. ఏమనుకోకమ్మా."

"దాందేటుందండి" అంది కుమారి కళ్ళు తుడుచుకుంటూ.

బస్సులో గంగులు తువ్వాలు మళ్ళీ చుట్టుకుని చెయ్యి సంచి కింద దాచాడు. బుల్లమ్మ తువ్వాలు ఊడదీసి, ఆ చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. కండక్టరు టిక్కెట్లివ్వడానికి వచ్చి ఆ చెయ్యి వైపు చూశాడు. గంగులు లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు.

పల్లెలో జనం రెండుమూడు రోజులు ఆ చెయ్యి చూశారు, అయ్యో అన్నారు, మానేశారు. గంగులు పొద్దున్నే బుల్లమ్మతో పాటు తీరానికి వెళ్ళి చేపల వేలంలో పాట పాడడం మొదలుపెట్టాడు. ఎడమచేత్తో తట్ట ఎత్తి ఆటోలో పెట్టేవాడు. అదే కష్టమైంది మొదట్లో. ఒకసారి తట్ట జారి కవళ్ళ చేపలన్నీ ఇసకపాలయ్యాయి. బుల్లమ్మ ఏరి కడిగింది.

హేమ మాత్రం తండ్రితో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, మంచం వేసేది, ముఖం చూసేది కాదు. "ఇన్నాళ్ళు మనం ఏడుస్తుంటే ముప్పై మైళ్ళ లోపలే ఉన్నాడమ్మా" అని ఒక్కసారి తల్లితో అంది. బుల్లమ్మకూ ఆ కోపం పూర్తిగా పోలేదు.

ఒకనాటి సాయంత్రం గంగులు తీరానికని వెళ్ళి పొద్దుగూకినా రాలేదు. బుల్లమ్మ గుమ్మంలోకీ లోపలికీ తిరుగుతోంది. హేమ పుస్తకం మూసేసి చెప్పులైనా వేసుకోకుండా ఒడ్డుకు పరిగెత్తింది. బోట్ల వెనక, వల బాగుచేసేవాళ్ళ మధ్య కూర్చుని, రెండు వేళ్ళతో దబ్బనం పట్టుకోవడం నేర్చుకుంటూ కనబడ్డాడు గంగులు.

హేమ దూరంగానే ఆగిపోయింది. ఆయాసం తీర్చుకుని, గాలికి వినబడేలా అరిచింది.

"ఏటయ్యా, ఎక్కడికైనా ఎల్తే ఇంట్లో సెప్పి ఎల్లలేవేటి?"

గంగులు దబ్బనం పక్కన పెట్టి లేచి, కూతురి వెనకే నడిచాడు.