ట్యాంకుకు లంఖణం

మిగిలిన అన్నంతో వంటగ్యాసు తయారుచేసే ట్యాంకును క్యాంటీన్ వంటావిడ పసిబిడ్డలా సాకింది. దానికి రోజుకు రెండే బకెట్లు పోసేది. మేనేజరు విందు ఇచ్చిన రోజు మాత్రం, మిగిలిపోయిన అంత అన్నం పారేయడానికి చేతులు రాక పన్నెండు బకెట్లు ఒక్కసారే గుమ్మరించింది. నాలుగు రోజుల్లో ట్యాంకు పులిసి కంపు కొట్టింది, పొయ్యి ఆరిపోయింది.

“పాత ఇనుముకు అమ్మేద్దాం,” అన్నాడు మేనేజరు.

“అజీర్తి చేస్తే మనిషిని అమ్మేస్తామా సార్? తప్పు నాది. లంఖణం పెడతాను,” అందామె.

అన్నట్టే ఒక్క మెతుకూ వేయలేదు. రోజూ కాస్త పేడనీళ్లు పోసి, పొయ్యి దగ్గర అగ్గిపుల్ల గీసి చూసేది. వడ్డించేవాళ్లు నవ్వితే, “నవ్వండి, టీకి నా దగ్గరికేగా రావాలి!” అనేది.

మూడు వారాలకు నీలిమంట లేచింది. మొదటి టీ మేనేజరుకే ఇచ్చింది.

“తాగండి సార్. విందు రోజు మీరు సగం తిని వదిలేసిన అన్నమే దీన్ని కాచింది.”