వేలు అక్కర్లేని ఇంజన్

హానోవర్ నుంచి గోస్లార్ వెళ్లే రైల్లో ఎదుటి సీటు పెద్దాయన మా మధ్యనున్న బల్ల మీద మూరెడు బొమ్మ పట్టాలు పరిచి, చిన్న బ్యాటరీ తగిలించారు. అప్పుడే కొన్న వేలెడంత ఇంజన్‌ని డబ్బాలోంచి తీసి వాటి మీద పెట్టారు. ఇంటికి చేరేదాకా ఆగలేకపోయినట్టున్నారు. అది చీమలా నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా ఆ చివరికి చేరింది.

బాగుందని నాకొచ్చిన జర్మన్‌లో అన్నాను. ఆ జర్మన్ వినగానే ఆయన ఇంగ్లిష్‌లోకి మారారు.

"బ్రిటిష్ మోడల్. మా ఆవిడది ఇంగ్లండ్. వాళ్ల ఊరి రైలు లైనే మా ఇంట్లో బల్ల మీద వేసుకున్నాం. ఇప్పుడు బాగా చేస్తున్నారు. పాతవి ఊరికే ఆగిపోయేవి. ఆ చివర ఆవిడ కూర్చుని వేలితో తోసేది. ఇది సాయంత్రమంతా దానంతటదే తిరుగుతుంది. ఎవర్నీ పిలవక్కర్లేదు."

నేను చదువుకని వచ్చి అప్పటికి నాలుగు నెలలు. ఈ దేశంలో నన్నింకా ఎవరూ ఏ సాయమూ అడగలేదు. "పాతది ఉందాండీ?" అన్నాను.

పక్కన పెట్టి పోల్చుకోవడానికి కొట్టుకి తీసుకెళ్లారట. కోటు జేబులోంచి, రుమాల్లో చుట్టింది తీసి పట్టాల మీద పెట్టారు. అది రెండంగుళాలు ఉరికి టక్కున ఆగింది. ఆయన తోయలేదు. నా వైపు చూశారు.

చూపుడువేలితో మెల్లగా తోశాను. కదిలింది.

గోస్లార్ వచ్చేదాకా కొత్తది డబ్బాలోనే ఉంది.