గోడలు లేని ఇంట్లో పాలు పొంగించాం

నిన్న మధ్యాహ్నం దోహాలో మా అల్ మన్సూరా ఫ్లాటులో బెండకాయలు తరుగుతుంటే మా అమ్మాయి ఫోను తెచ్చి నా కళ్ళ ముందు పెట్టింది. మా జిల్లా నుంచి ఎవరో యువనాయకుడు శుక్రవారం దోహా వస్తున్నాడట, ప్రవాసుల కోసం గృహమేళా పెడుతున్నాడట, ఇల్లు లేవకముందే అప్పు మంజూరు చేసేలా బ్యాంకులను తనే ఒప్పించాడట. ఆ ఫోటో చూడగానే నా చెయ్యి ఆగిపోయింది. అదే ముక్కు, చేతులు జోడించడంలో అదే వినయం. వీడి తండ్రి మాకు బాగా తెలుసు. అల్లుడు ఆ మేళాలోనే ఓ ఇంటికి అడ్వాన్సు కట్టేస్తానని అప్పటికే మాటిచ్చేశాడని అమ్మాయి చెప్పింది మొదలు నాకు కాలు ఒకచోట నిలవలేదు. వంటింట్లోంచి బాల్కనీలోకి, బాల్కనీలోంచి హాల్లోకి తిరుగుతుంటే అల్లుడు “ఏంటత్తయ్యా, వాకింగా?” అని నవ్వాడు. నవ్వుతాడు, వాడికేం తెలుసు!

మావారి ఉద్యోగమంతా దుఖాన్‌లోనే గడిచింది. దోహాకు పడమట, ఎడారిలో చమురు బావుల పక్కన కంపెనీ కట్టించిన ఇళ్ళ వరస అది. కరెంటు ఉచితం, నీళ్ళు ఉచితం, ఏసీ పాడైతే ఫోను చేస్తే చాలు మనిషి వచ్చేవాడు. ఏం లాభం, గోడకు మేకు కొట్టాలన్నా మెయింటెనెన్సు వాళ్ళను అడగాలి. ఊళ్ళో మా తోడికోడలు పలకరించినప్పుడల్లా, దుబాయ్‌లో అంత ఉద్యోగం చేస్తూ ఇంకా ఓ ఇల్లు కట్టుకోలేదేమని దెప్పేది. ఇది దుబాయ్ కాదు మొర్రో అని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది గాని, ఇల్లు లేదన్న మాట మాత్రం ముల్లులా గుచ్చుకునేది.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన చిన్నప్పుడు ఇంటి అప్పంటే ఎంత తతంగమో. మా నాన్నగారు బ్యాంకులో ఆ పనే చూసేవారు. పునాది లేచాక కొంత, గోడలు లేచాక కొంత, శ్లాబు పడ్డాక మిగతాది. ప్రతిసారీ ఆయనే స్కూటరు మీద వెళ్ళి, గోడ తట్టి చూసి, వాళ్ళిచ్చిన కాఫీ కూడా ముట్టకుండా వచ్చేవారు. కాఫీ తాగితే మాట మెత్తబడిపోతుందని ఆయన భయం. ఆ చాదస్తానికి మేము చాటుగా నవ్వుకునేవాళ్ళం.

అమ్మాయి ఇక్కడ చిన్న క్లాసుల్లో చదువుకుంటున్న రోజుల్లో, ఇప్పుడొస్తున్న ఈ కుర్రాడి తండ్రి, మా జిల్లాలో పెద్ద నాయకుడు, దోహా వచ్చాడు. మావాళ్ళు హాలు తీసుకుని, శాలువా కప్పి వేదిక మీద కూర్చోబెడితే, ఆయన దిగివచ్చి మాతోపాటు వరసలో కూర్చుని పులిహోర తిన్నాడు. అంతే, మేమంతా బోల్తా పడ్డాం. మైకు పట్టుకుని, మీకోసం పెద్దల చుట్టూ తిరిగి పాత నిబంధనలన్నీ తీసేయించానని, ఇకమీదట ఇంజనీర్ల తనిఖీలు అక్కర్లేదని, ఇల్లు అందిందని యజమాని సంతకం చేస్తే మా జిల్లా సహకార బ్యాంకు అప్పు మొత్తం ఇచ్చేస్తుందని చెబుతుంటే చేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొట్టాం. ఆ సహకార బ్యాంకుకు అధ్యక్షుడు ఆయన బావమరిది, ఇళ్ళు కట్టే కంపెనీ ఆ బావమరిది కొడుకుది. దాచిందేమీ లేదు, అందరినీ వేదిక మీదే పరిచయం చేశాడు. అనుమానం రావాల్సిన చోట మాకు ధైర్యం వచ్చింది. అంతా ఒక్కింటివాళ్ళే కదా, ఎక్కడికి పోతారులే అనుకుని, ఊళ్ళో వాళ్ళు వేస్తున్న కాలనీలో ఆ అప్పుతోనే ఒక ఇల్లు మాట్లాడుకున్నాం.

గల్ఫులో పనిచేసినవాళ్ళకు ముహూర్తాలు పంచాంగంలో ఉండవు, కంపెనీ ఇచ్చే సెలవులో ఉంటాయి. ఆ వేసవి సెలవంతా ఆషాఢంలోనే కరిగిపోయింది. తిరుగు ప్రయాణానికి ముందు శ్రావణంలో ఒకే ఒక మంచిరోజు దొరికింది, అది దాటితే మళ్ళీ ఏడాదిదాకా రాలేం. చూస్తే ఇంటికి స్తంభాలే లేచాయి. ద్వారబంధం నిలబెడితే చాలమ్మా, పాలు పొంగించుకోవచ్చన్నారు పంతులుగారు. నలువైపులా గాలి కొడుతున్న ఆ చోట ద్వారబంధం పాతి, గడపకు పసుపు రాసి, మామిడాకులు కట్టాం. ముందు నడవాల్సిన ఆవు గడపదాకా వచ్చి, మమ్మల్ని ఓ చూపు చూసి, చక్కగా ద్వారబంధం పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్ళింది. అందరూ పగలబడి నవ్వారు. నేను పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, కుడికాలు పెట్టి, మహారాణిలా లోపలికి నడిచాను. లోపలేమిటి, బయటేమిటి, నా మొహం!

బ్యాంకు మేనేజరు వెండి కుంకుమభరిణ కానుకగా తెచ్చాడు, వెంట ఫోటోగ్రాఫరును కూడా. పాలు పొంగుతుండగా మా ఇద్దరికీ ఫోటో తీయించి, ఇల్లు అందినట్టు మావారి చేత అక్కడే సంతకం పెట్టించుకున్నాడు. నాన్నగారు తల పైకెత్తి ఆకాశంకేసి చూస్తూ “కప్పేదండీ?” అన్నారు. “రూలు మారిందండీ పెద్దాయనా, పాలు పొంగితే గృహప్రవేశం అయినట్టేగా!” అన్నాడా మేనేజరు. ఆ సంతకంతో అప్పు మొత్తం ఇల్లు కట్టేవాళ్ళకు చేరిపోయింది. నాన్నగారు ఆ పూట విస్తరి ముందు కూర్చోలేదు, తలనొప్పిగా ఉందన్నారు.

ఆ తర్వాత అమెరికాలో ఇళ్ళ మీద అప్పులిచ్చిన బ్యాంకులు కూలుతున్నాయని టీవీలో చూస్తూ, వాళ్ళ గోల మనకెందుకన్నారు మావారు. ఎంతోకాలం పట్టలేదు, స్థలాలు కొనేవాళ్ళు లేక మా కాలనీలో పని ఆగింది, కట్టేవాళ్ళు చెప్పకుండా మాయమయ్యారు, ఆ సహకార బ్యాంకు మునిగితే దాని అప్పులన్నీ ఇంకో బ్యాంకు తీసుకుంది. గోడలైనా లేవండీ అని మొత్తుకుంటే, కొత్త ఆఫీసరు ఫైల్లో ఫోటో తీసి చూపించి, “మీరే కదమ్మా పాలు పొంగిస్తున్నారు” అన్నాడు. ఏం చెప్పను? ఫోటోలో నేను నోరంతా తెరిచి నవ్వుతున్నాను. నాయకుడు పార్టీ మారి మంత్రి అయ్యాడు. ఇక్కడ కంపెనీ మనుషుల్ని తగ్గిస్తుంటే, ఆ లేని ఇంటి అప్పు వాయిదాలు కట్టడానికి మావారు చిన్న పోస్టుకు దిగి, ఎండలో సైటు డ్యూటీకి ఒప్పుకుని ఉద్యోగం నిలుపుకున్నారు. నాన్నగారు పోయేదాకా ఆ ఇంటి ఊసే ఎత్తలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఇదంతా నిన్న టీ తాగుతూ అమ్మాయికీ అల్లుడికీ చెప్పేశాను, ఇన్నేళ్ళకు. అల్లుడు మొదట, ఇప్పుడు డ్రోను వీడియోలు వస్తాయత్తయ్యా, అన్నీ ఫోన్లోనే కనిపిస్తాయి అన్నాడు గాని, కాసేపటికి తనే, శుక్రవారం వెళ్ళనులెండి, సెలవులో ఊరెళ్ళి చూశాకే మాట అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. కాలం ఎంతో మారింది, అప్పు గుప్పెట్లోని ఫోనులోకే వచ్చేస్తోంది, నాయకులు తండ్రి పోతే కొడుకుగా వస్తున్నారు. స్కూటరేసుకుని వెళ్ళి గోడ తట్టి చూసి కాదని చెప్పే మనిషి మాత్రం ఎవరికీ అక్కర్లేకుండా పోయాడు.

అమ్మాయికి మాత్రం ఇంకేదో తట్టింది. “అయితే అమ్మా, మీరు దుఖాన్ నచ్చి ఉండిపోలేదా? నేను అందరికీ అలాగే చెబుతాను” అంది. నేను టీ కప్పులు తీయబోయాను. పేపరు చదువుకుంటున్న మావారే తలెత్తి, “అప్పు వాయిదాలు అయిపోయాక కూడా అక్కడే ఉన్నాం కదమ్మా” అన్నారు. దాని మొహం విప్పారింది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. అప్పటికి వెళ్ళడానికి మాకు మరో ఇల్లంటూ లేదన్న మాట ఆయన దానికి చెప్పలేదు, నేనూ చెప్పలేదు.