సెంటర్ ఫార్వర్డ్ పుట్టిన ఊరు

తాడేపల్లిగూడెం ఉల్లిపాయలు లారీల కొద్దీ ఎక్కడెక్కడికో పోతాయి. ఆ ఊరి స్టేషన్ ఎదుట హోటల్లో ఉల్లి పెసరట్టు చెబితే మాత్రం ఉల్లిని వేలితో తడిమి కనిపెట్టాలి. సెల్‌ఫోన్లకు ఇన్‌కమింగ్ ఉచితమైన కొత్తలో, ఒక ఉదయం, ఇంతకంటే అన్యాయం దేశంలో లేదని తోటి ఆటగాళ్లకు వివరించాను. మధ్యాహ్నానికి అభిప్రాయం మార్చుకున్నాను.

ఆ రోజు ఆ ఊళ్లోనే యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు ఎంపిక. ఏలూరులోని మా కాలేజీ నుంచి నలుగురం వెళ్లాం. ఆట వచ్చినవాడు ఒక్కడే, మా సెంటర్ ఫార్వర్డ్. మా కాలేజీలో ఆ ఆట అప్పుడప్పుడే మొదలైంది. బంతి ఎక్కడుంటే అందరం అక్కడుండటం మా పద్ధతి. అతను మాత్రం బంతి రాబోయే చోట నిలబడి మా కోసం ఎదురుచూసేవాడు. యూనివర్సిటీకి ఆడితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాళ్ల నాన్నగారు టైలరు. చూపు తగ్గి, సూదిలో దారం కొడుకు చేత ఎక్కించుకుంటున్నారు. ఆ ఉద్యోగం ఎవరికి కావాలో మాకు తెలుసు.

అరగంటలో మూడు గోల్స్ కొట్టాడు. తర్వాత, కాగితాలు చూసే పెద్దమనిషి అతని బర్త్ సర్టిఫికెట్‌ను అటూ ఇటూ తిప్పారు.

"ఇది ఎటునుంచి చదవాలండీ?"

"కుడి నుంచండి. అరబిక్. నేను కువైట్లో పుట్టానండి, నాన్నగారు అక్కడ పనిచేసేవారు."

"అయితే మీరు ఫారినరన్నమాట."

"ఆరో ఏటినుంచీ ఏలూరేనండి. టెన్త్ సర్టిఫికెట్ కూడా ఉందండి."

"అందులో పుట్టిన ఊరుండదు కదండీ. దీన్ని ఇంగ్లీషులో రాయించి, గెజిటెడ్ సంతకంతో పట్రండి. రెండు గంటల్లో."

మా గోదావరి మర్యాద అది. మెడపట్టి గెంటేటప్పుడు కూడా అండీ తగిలిస్తాం. అతను కువైట్లో పుట్టింది తన ఇష్టప్రకారం కాదు. నేను ఏలూరు ప్రభుత్వాసుపత్రిలో పుట్టడంలోనూ నా ప్రతిభ ఏమీ లేదు.

మసీదులో ఒక పెద్దాయన చదివి రాసిచ్చారు. తాను చదవలేని కాగితం మీద సంతకం పెట్టనన్నాడు గెజిటెడ్ ఆఫీసరు. మేం తిరిగొచ్చేసరికి జాబితా చదువుతున్నారు. సెంటర్ ఫార్వర్డ్‌గా గణపవరం కుర్రాడు. అతని బూట్లు కొత్తవి, ఆట అంతకంటే కొత్తది. లెఫ్ట్ బ్యాక్‌గా నా పేరుంది. ఆ ఎంపిక ఎలాంటిదో చెప్పడానికి అదొక్కటే చాలు.

తిరుగు ప్యాసింజర్లో భీమడోలు దాటేదాకా ఆ పెద్దమనిషిని తిడుతూనే ఉన్నాను. పేపరుకు రాస్తానన్నాను. వైస్ ఛాన్సలర్ గారినే నిలదీస్తానన్నాను. కిటికీ పక్కన కూర్చున్న మా సెంటర్ ఫార్వర్డ్ అంతా విన్నాడు.

"ఇదంతా నాకెందుకు చెబుతున్నావురా? ఆయన ముందు నువ్వు నోరు విప్పలేదు. నీ పేరు చదివినప్పుడు మాత్రం థాంక్సండీ అన్నావు."