దాచుకున్న కల

నిద్రలో కేకపెట్టి లేచిన నా ఆరేళ్ల కూతురు, పొద్దున్నే "నాకేం కల రాలేదు" అని నాతో అబద్ధమాడినప్పుడు నాకు మొదటిసారి భయమేసింది. పీడకల వచ్చిందంటే మా అత్త జమ్మలమడుగు తీసుకుపోయి తాయెత్తు కట్టిస్తుంది. నాకు ఇప్పటికే మూడు కట్టించింది.

"మాకు కలలు యాడివి? పండుకుంటే తెల్లారేదే. నీ తలకాయలోనే ఏందో ఉండాది, పాపకు గూడా అంటుకుంటాంది" అంది అత్త.

చంటివాడి పాలకు నేను రాత్రికి నాలుగుసార్లు లేస్తాను. కల మధ్యలో మెలకువ వస్తే అది గుర్తుంటుంది. వయసు మీదపడ్డాక కలలు అంతగా గుర్తుండవు. ఇందులో దయ్యమేముంది? నాకు కావలసింది ఒక్క రాత్రి నిద్ర. రాత్రిపూట వాణ్ని ఒక్కసారైనా ఎవరూ ఎత్తుకోరు.

మర్నాడు మూడు తాయెత్తులూ తెంచేసి, పాపకూ, ఒళ్లోని చంటివాడికీ చెప్పాను: "ఏ కలొచ్చినా నాకు చెప్పండి. తాయెత్తు కట్టనివ్వను."