ఎస్తేరు మిస్, సముద్రం లేని ఊరు

మొన్న ఆదివారం మా మనవరాలు వంటింట్లో బొండాస్ కడుగుతుంటే పక్కన నిలబడ్డాను. పుస్తకాల్లో శీర్షపాదులనీ, ఇంగ్లీషులో స్క్విడ్ అనీ పిలిచే ఈ ఎముకల్లేని పది చేతుల జీవిని బెంగళూరు చేపల అంగళ్లలో బొండాస్ అంటారు. నేను పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టలేదు, అంటే తినడానికి ముట్టలేదు. అందుకని పిల్ల నా కోసం వేరే పెనం, వేరే గరిటె పెట్టుకుని నానా హైరానా పడుతుంది. చేతుల నడుమ ఉండే గట్టి ముక్కును పీకి చెత్తబుట్టలో వెయ్యబోతుంటే ఆపి నా చేతిలోకి తీసుకున్నాను. రామచిలుక ముక్కులాంటిదే, కాకపోతే నల్లగా, చింతగింజంత ఉంది. వేళ్ల మధ్య పెట్టి నొక్కితే అదే నునుపు, అదే మొండితనం. “ఛీ, దాన్నెందుకు పట్టుకున్యావు అవ్వా? చీదర లేదా నీకు?” అంది పిల్ల. “చీదర పడే వయసులో నన్ను పడనియ్యలేదమ్మా ఒకావిడ” అన్నాను. ఎవరని అడిగింది గానీ, పొయ్యి మీద నూనె కాగిపోవడంతో జవాబు వినలేదు. వినే తీరిక మీకు ఉంటుందేమోనని ఇక్కడ చెబుతున్నాను. ఆవిడ పేరు ఎస్తేరు. మా జంతుశాస్త్రం లెక్చరర్. మేము ఎస్తేరు మిస్ అనేవాళ్లం.

నేను ఎమ్మెస్సీలో చేరింది అరవైల మొదట్లో. మాది బెంగళూరు పేటలో తరాలుగా పట్టునూలు అమ్ముకునే తెలుగు కుటుంబం. రెండో ఏడాది ప్రతివాళ్లూ ఏదో ఒక విషయం తీసుకుని చిన్న పరిశోధన చేసి సిద్ధాంతవ్యాసం ఇవ్వాలి. మా హెడ్ గారు నా ఇంటిపేరు చూసి, తల కూడా ఎత్తకుండా, “పట్టునూలు వాళ్ల పిల్లవు, పట్టుపురుగు తీసుకో” అన్నారు. ఆయన ఎప్పుడూ ఇంగ్లీషే మాట్లాడేవారు, నేను తెలుగులో చెబుతున్నాను. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. పుట్టినప్పటి నుంచీ ఇంట్లో పట్టు తప్ప వేరే ఊసు లేదు, చదువుకోవడానికి వచ్చినచోట కూడా అదేనా? ఆ కోపంలోనే వరండా చివరిగది తలుపు తట్టాను. అక్కడ ఎస్తేరు మిస్ ఒక్కరే కూర్చుని లోతు సముద్రంలో ఉండే స్క్విడ్‌లు ఏం తిని బతుకుతాయో చూస్తూ ఉండేవారు. ఒంగోలు వైపు మనిషి, వాళ్లమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి పిల్లను చదివించింది. తెల్ల వాయిలు చీర, లావు అద్దాలు, పెద్ద గొంతు. ఆవిడ దగ్గర చేరడానికి అప్పటిదాకా ఎవరూ రాలేదు. “సముద్రం లేని ఊళ్లో సముద్రం చదువేమిటని ఇంట్లో అడుగుతారు మిస్, ఏం చెప్పాలి?” అన్నాను. “చంద్రుడి గురించి చదివేవాళ్లు చంద్రుడి మీద కూర్చుని చదువుతున్నారా అని అడుగు. అడిగి తిట్లు తిను. తిని, రేపు పొద్దున్నే రా” అన్నారు.

ఆవిడ చెప్పినట్టే తిన్నాను. మా జేజి, అంటే నాన్నగారి అమ్మ, నన్ను గడపలోనే ఆపేసేది. “ఏమప్పా ఈ నాత! చేపల అంగడి లేచి ఇంటికొచ్చినట్ల ఉండాది. బావికాడ నీళ్లు పోసుకోని లోపలికి రా” అనేది. “సుమ్నె గలాట చేయొద్దమ్మా, చదువుకుంటా ఉండాది” అనేవాడు నాన్న. “చదువంటే కడుపులు కోసేదా?” “డాక్టర్లు కోయరా?” “డాక్టరు మనుషుల్ని కోస్తాడు, బాగు చేస్తాడు. ఇది యాడనో సముద్రంలో ఉండేదాన్ని కోస్తా ఉండాది. ఎవరికి వైద్యం జేసేకి?” నాన్న నన్ను పక్కకు పిలిచి ఒక్క మాట చెప్పాడు: “చూడమ్మా, ఈ ఏడు పాసయితే నీ ఇష్టం, ఉద్యోగం చేసుకో, నేను అడ్డం రాను. తప్పితే మాత్రం చదువు సాలు. ఇంట్లో ఇంతమందికి నేను సమాధానం చెప్పలేను.” ఆయన మంచివాడు కాబట్టి అంతవరకు ఇచ్చాడని నాకు తెలుసు. ఆ గడువు మాత్రం ఏడాది పొడుగునా మెడ మీద కూర్చునే ఉంది.

మా స్క్విడ్‌లు రైల్లో వచ్చేవి. హిందూ మహాసముద్రంలో పరిశోధనకు తిరిగే ఓడ ఒకటి లోతుల్లోకి వలలు దించి పైకి లాగేది. అందులో మంచివి పెద్ద పెద్దవాళ్లు తీసుకోగా, చేతులు తెగినవీ చర్మం ఊడినవీ మిగిలేవి. ఎస్తేరు మిస్ ఆ మిగిలినవే కావాలని అడిగి తెప్పించుకునేవారు. రంపపు పొట్టులో కూరిన సీసాలు విప్పుతూ, “పైన ఎంత చిరిగితే మనకేం, కడుపు బాగుంటే చాలు” అనేవారు. నాకు ఆవిడ చెప్పిన మొదటి సంగతి ఇది: ఈ జీవి గొంతుగొట్టం దాని మెదడు నడుమ నుంచి పోతుంది. పెద్ద ముద్ద మింగితే మెదడుకే దెబ్బ. అందుకని ముక్కుతో కొరికి, నలిపి, చిన్నచిన్న ముక్కలు చేసి గాని మింగదు. కడుపు తెరిస్తే కనబడేది మెత్తటి పచ్చడి. ఆ పచ్చడిలో రొయ్య పెంకు తునక, చేప చెవిలో ఉండే తెల్లరాయి, ఒక పొలుసు, ఇలాంటివి ఏరి అది ఏం తిన్నదో చెప్పాలి. ప్రతి కడుపూ తెరిచే ముందు ఆవిడ, “ఏముంటుందో చెప్పు” అనేవారు. చెప్పాక, “సరే. ఇప్పుడు ఆ మాట మర్చిపోయి చూడు” అనేవారు. మర్చిపోవడమే కష్టమని నాకు నెమ్మదిగా తెలిసింది.

కొన్ని నెలలకు ఒక వరుస కనబడసాగింది. వేలెడు కూడా లేని పిల్లలు నీటి పైభాగంలోనే ఉంటాయి, వాటి కడుపులో ఉన్నదంతా రొయ్యకన్నా చిన్నవైన పురుగుల పెంకులే. కొంచెం పెరిగినవి కిందికి దిగుతాయి, వాటిలో రొయ్యలూ చిన్న చేపల చెవిరాళ్లూ ఉన్నాయి. ఇంకా పెరిగి చీకటి లోతుల్లోకి పోయినవాటిలో చేపలతోపాటు నల్లటి ముక్కులు దొరికాయి. మొదటిసారి చూసినప్పుడు దాని ముక్కే ఊడి లోపల పడిందనుకున్నాను. దాని ముక్కు దానికే ఉంది. లోపలున్నది చిన్నది, అంచులు ఇంకా నల్లబడని లేతది, దాని జాతిదే. “తన పిల్లల్నే తింటుందా మిస్?” అన్నాను. “పిల్లలో, పక్కింటివాళ్ల పిల్లలో మనకు తెలియదు. తెలిసినంతే రాయి” అన్నారు. ఆ మధ్యాహ్నం నాకు ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా తెరవబుద్ధి కాలేదు. ఆవిడ గోంగూర కలిపిన అన్నం ఒక ముద్ద మూతలో పెట్టి నా వైపు జరిపారు. మిగతా లెక్చరర్లు ఎవరూ ఆవిడతో కూర్చుని తినేవారు కాదు, అది నేను రోజూ చూస్తున్నదే. తిన్నాను, బ్రహ్మాండంగా ఉంది. సాయంత్రం జేజి నా చేతులు వాసన చూసి, “ఆయమ్మ చేతి కూడు తిన్న్యావా?” అంది. “తిన్నాను. రేపు కూడా తింటాను” అన్నాను. జేజి రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడోరోజు తనే కాఫీ తెచ్చి ఇచ్చింది.

వ్యాసం చిత్తుప్రతి చదివి హెడ్ గారు మా ఇద్దరినీ పిలిపించారు. పెరిగేకొద్దీ తిండి మారుతుందనీ, పెద్దవి సొంత జాతినే తింటాయనీ రాసిన మూడో అధ్యాయం మీద ఎర్ర గీత కొట్టి ఉంది. “వలలో వందలాదిగా ఇరుక్కున్నాక పక్కనున్నదాన్ని కొరకవా? అది భయంతో చేసిన పని, తిండి కాదు. ఈ అధ్యాయం తీసెయ్యండి. అయినా ఇది ఆడపిల్ల రాయవలసిన సంగతేనా?” అన్నారు. ఎస్తేరు మిస్ కుర్చీలోంచి లేచి గుద్దినంత పని చేస్తారనుకున్నాను. ఆవిడ, “మీరు మొదట అడిగిన ప్రశ్న మంచిది. దానికి జవాబు తెస్తాం. రెండోదానికి తేము” అని బయటికి వచ్చేశారు.

ఆ జవాబు కోసం ఆవిడ చేసిన పని నన్ను ఏడిపించింది. సీసాలన్నీ మళ్లీ దించారు. గొంతులో గాని కడుపులో గాని తాజా మాంసం కనబడిన ప్రతిదాన్నీ, అది వలలో తిన్నది కావచ్చునని పక్కన పెట్టించారు. నెలల తరబడి కళ్లు కాయలు కాసేలా చూసినవాటిలో సగానికి పైగా అలా పోయాయి. “అవి నిజంగానే సముద్రంలో తిని ఉండొచ్చు కదా మిస్” అని బతిమాలాను. “ఉండొచ్చు. ఉండొచ్చు అన్నది ఆయనకూ పనికొస్తుంది, మనకూ పనికొస్తుంది. అలాంటిది మనకొద్దు” అన్నారు. చివరికి మిగిలినవి మాంసం పూర్తిగా అరిగిపోయి, ఒట్టి ముక్కులు మాత్రమే కడుపులో ఉన్నవి. వల పైకి లాగే కాస్త సేపట్లో అంత అరగదు. వల రాకముందే, లోతులో, చీకట్లో తిన్నవి అవి. కొన్నే, కానీ వాటిలో కూడా అదే వరుస. పిల్లల్లో ఒక్కదానిలో కూడా ముక్కు లేదు. ఉన్నవన్నీ పెద్దవాటిలోనే.

హెడ్ గారు రెండో ప్రతి కూడా చూసి, అధ్యాయం తీస్తే మంచిదని మాత్రం అన్నారు, మిగతాది మౌఖిక పరీక్షలో మాట్లాడుకుందామన్నారు. అందులోని బెదిరింపు అర్థం కానంత చిన్నపిల్లను కాదు నేను. ఆ పరీక్షకు ముందురోజు గదిలో అద్దపు పలకలు తుడుస్తూ, “తీసేస్తే ఏమవుతుంది మిస్?” అని అడిగాను. “ఏమీ కాదు. పాసవుతావు. వాటి కడుపులో ఉన్నది మారదు కదా.” “మీరేమీ అనుకోరా?” ఆవిడ కళ్లద్దాలు తీసి నన్ను చూశారు. “అనుకుంటాను. ఎందుకనుకోనే, మనిషిని కానా? కానీ అది నీకు చెప్పను. మీ నాన్న పెట్టిన గడువు నాకు తెలుసు. నిర్ణయం నీది, తల్లీ.” ఆ మాటకు ఆవిడ మీద నాకు చాలా కోపం వచ్చింది. తియ్యమనో తియ్యవద్దనో చెబితే ఆ బరువు ఆవిడ మీద పడేసి హాయిగా ఉండేదాన్ని.

మౌఖిక పరీక్షకు మద్రాసు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. గైడ్లను లోపలికి రానివ్వరు, ఎస్తేరు మిస్ వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. హెడ్ గారు చాలా దయగా మొదలుపెట్టారు. “మూడో అధ్యాయం వెనక్కి తీసుకుంటానని ఒక్క మాట అను. మిగతాది చక్కగా ఉంది, మొదటి తరగతికి నాకేమీ అభ్యంతరం లేదు. లేకపోతే నా చేతిలో ఉన్నది నేను చెయ్యవలసి వస్తుంది.” నాకు నాన్న గుర్తొచ్చాడు. “తీయను సార్” అన్నాను. “మీ గైడ్ చెప్పమన్నదా?” “లేదు సార్. ఆవిడ నన్ను ఏమీ చెప్పమనలేదు.” “చూపించింది ఆవిడేగా?” “చూపించినవాటిలో సగానికి పైగా ఆవిడే తీసేయించారు సార్. మిగిలినవి నేను చూసినవి. చూసినదాన్ని చూడలేదని నేను అనలేను.” మద్రాసు పెద్దాయన నా పలక పెట్టి ఉన్న సూక్ష్మదర్శిని ముందుకు జరుపుకుని చాలాసేపు వంగి చూశారు. “మాంసం ఏమాత్రం లేదు కదా?” అని ఒక్కటే అడిగారు. లేదన్నాను. “అవును, లేదు” అని తలెత్తారు. హెడ్ గారు ఏదో రాసుకుంటూ నన్ను వెళ్లమన్నారు.

ఫలితాల రోజున నాకు రెండో తరగతి వచ్చింది. నాన్న “పాసే కదా? అయితే నా మాట మాటే” అన్నాడు. జేజి “ఇంక ఆ నాత ఉండదు కదా” అని ఊపిరి పీల్చుకుంది. ఎస్తేరు మిస్ గదిని ఆ వేసవిలోనే పట్టుపురుగుల తట్టలకు ఇచ్చేశారు. ఆవిడ రిటైరయ్యేదాకా మొదటి ఏడాది పిల్లలకు కప్పలు కోయించారు, అయినా సీసాలు తెప్పించుకోవడం మానలేదు, వాటిని ఇంట్లో పెట్టుకున్నారు. చాలా ఏళ్లకు, నేను కాలేజీలో పాఠాలు చెబుతున్న రోజుల్లో, వేరే దేశాలవాళ్లు కూడా అదే సంగతి రాశారని తెలిసింది. మీరు చెప్పింది నిజమైంది చూశారా అని కొందరు సంబరపడ్డారు. నాకు ఆ సంబరం అక్కర్లేదు. అది ఆ గదిలో మేము చూసిన రోజే నిజం, ఎవరో ఒప్పుకున్నందుకు కొత్తగా నిజం కాలేదు.

ఫలితాలు గోడకు అంటించిన రోజున హెడ్ గారు వరండాలో మాకు ఎదురుపడ్డారు. నా వైపు చూడకుండా, “మీ మొండితనం వల్ల ఈ పిల్ల క్లాసు పోయింది ఎస్తేరూ” అన్నారు. ఎస్తేరు మిస్ తన పెద్ద గొంతు ఏమాత్రం తగ్గించలేదు. “క్లాసు మీరిచ్చేది సార్, మీరే తీసుకున్నారు. మిగతాది మాత్రం ఆ పిల్లదే” అన్నారు. తర్వాత నా ఉద్యోగంలో అది వదులుకో, ఇది మార్చి రాయి, మార్కులు కాస్త చూడు అని చెప్పినవాళ్లు తక్కువేమీ కాదు. వాళ్లవల్ల నాకు రావలసినవి కొన్ని రాలేదు, వచ్చినవి కొన్ని పోయాయి. పోతే పోయాయి. ఎస్తేరు మిస్ ఆ రోజు నాదని చెప్పిన మిగతాది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వను కూడా.