సుహైల్ కింద ఇసుక లేదు

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే, కాస్త మజ్జిగ తాగి పడుకోమని చెప్పే రకం నేను. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ ఆ ఫోటో సంగతి వేరు.

మాది రాయచోటి దగ్గర పల్లె. కువైట్‌లోని సల్వాలో ఒక పెద్దాయన ఇంట్లో డ్రైవర్‌ని. ఆయన్ని బాబా అని, ఆయన భార్యను మామా అని పిలుస్తాం. బాబాకు నక్షత్రాల ఫోటోల పిచ్చి. ఒక్కో ఫోటోకి కెమెరా నిమిషాల తరబడి తెరిచి ఉంచాలి. ఆలోగా నక్షత్రాలు జరిగిపోతాయి కాబట్టి, వాటితోపాటే కెమెరాను తిప్పే యంత్రం ఒకటుంది. దాని ఇరుసును ధ్రువ నక్షత్రానికి గురిపెట్టడం నా పని.

క్రితం ఏడాది ఇద్దరూ ఆ యంత్రం తీసుకుని ఆస్ట్రేలియా వెళ్లారు. అక్కడి ఆకాశంలో మబ్బుతునకలాంటి నక్షత్రాల గుంపు ఉందట. కువైట్‌లో అది ఎన్నడూ ఉదయించదు. అన్నీ సిద్ధం చేసుకుని కూర్చుంటే ఉన్నన్నాళ్లూ వానే. చూడకుండానే వచ్చేశారు. తర్వాత మామా పోయారు. బాబాకు చూపు తగ్గిపోతూ వచ్చింది.

కంటి ఆపరేషన్ ముందురోజు, చివరిసారిగా సుహైల్ ఫోటో తీయాలన్నారు. మనం అగస్త్య నక్షత్రం అనేది దాన్నే. వంటమనిషి మస్తాన్‌తో కలిసి ముగ్గురం ఎడారిలో ఆయన గుడారానికి వెళ్లాం. రాత్రి ఇషా నమాజు కాగానే యంత్రం సర్ది, కొత్త మెమరీ కార్డు వేసి, దక్షిణాన నేలకు కాస్త పైనున్న సుహైల్ వైపు కెమెరా తిప్పాను.

ఫోటో సగంలో ఉండగా యంత్రం ఎటు తిరగాలో నిర్ణయించే మీట చూశాను. అది ఇంకా దక్షిణార్ధగోళం వైపే ఉంది. ఆస్ట్రేలియాలో పెట్టింది పెట్టినట్టే. అంటే యంత్రం ఇంతసేపూ వ్యతిరేక దిశలో తిరిగింది. నక్షత్రాలన్నీ గీతలైపోయి ఉంటాయి. ఆయన చివరి ఫోటో పాడుచేశాను.

ఫోటో తెర మీదికొచ్చింది. గీతలు లేవు. ప్రతి నక్షత్రం ఆవగింజంత చుక్క. సుహైల్ కింద ఇసుక ఉండాల్సిన చోట ఆకాశమే ఉంది. అందులో పాలు ఒలికినట్టు, మబ్బుతునకలాంటి ఒక వెలుగు. ఓ పక్కన మా బండి యాంటెనా, మసకగా.

"ఆడ ఇసుక గదన్నా ఉండాల! ఈ ఆకాశం యాడిది?" అన్నాడు మస్తాన్.

బాబా తెరను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. మామాను పేరు పెట్టి పిలిచారు. ఇంకోటి తీయమంటారా అని అడిగితే "ఖలాస్" అన్నారు. నాకు ఒళ్లు గగుర్పొడిచింది కానీ భయంతో కాదు. అంత అందమైనది నా జన్మలో చూడలేదు.

తర్వాత ఒకసారి అదే చోట, మీట అలాగే ఉంచి తీసి చూశాను. గీతలూ ఇసుకా వచ్చాయి.

ఆపరేషన్ తర్వాత బాబాకు చూపు రాలేదు. కారెక్కగానే ఆ ఫోటోలో ఏమేం ఉన్నాయో చెప్పమంటారు. చెబుతాను. అదెలా వచ్చిందని మాత్రం ఆయన ఒక్కసారీ అడగలేదు.